తాతయ్య వాచీ ఎవరి చేతిన నడిచింది

నిన్న సాయంత్రం నాలుగూ పదికి నా చేతి వాచీ ఆగిపోయింది. అందులో వింతేమీ లేదు. మధ్యాహ్నం భోంచేసి కిటికీ పక్క కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. లేచేసరికి గోడ గడియారం ఆరు దాటింది, వాచీ మాత్రం నాలుగూ పది దగ్గరే ఉంది. ఇది నా దగ్గరికొచ్చి నెల కాలేదు. ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టడం మానేశాను. మా చిన్నమామయ్య పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆయన కూతురు దీన్ని రుమాల్లో చుట్టి తెచ్చి, "నాన్న నీకివ్వమన్నాడు బావా. దీని కథ నీకే తెలుసంటగా" అని చేతిలో పెట్టింది. కథ నాకొక్కడికే తెలుసనడం నిజం కాదు. తెలిసినవాళ్ళలో నేనొక్కడినే మిగిలాను, అంతే.

ఆ రోజుల్లో మంగళగిరిలో మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో చేతికి వాచీ ఉన్న నేతగాడు మా తాతయ్య ఒక్కడే. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కుడిచేత్తో తాడు లాగి పోగు మోసే నాడెను అటూ ఇటూ పరిగెత్తిస్తూ, ఎడమచేత్తో అచ్చు చెక్కను గుంజి కొడుతూ ఉంటే, ఆ ఎడమచేతి మణికట్టు మీద ఈ వాచీ కూడా రోజంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండేది. వీధిలోంచి ఎవరైనా "టైమెంతయిందండీ" అని కేకేస్తే చెయ్యి ఆపకుండానే చెప్పేవాడు. ఊగే వాచీలో ముళ్ళు ఎలా కనపడేవో నాకిప్పటికీ అర్థం కాదు (కనపడేవి కావేమో, అందాజుగా చెప్పేవాడేమో, సరిచూడటానికి వీధిలో ఇంకో వాచీ లేదు కదా). వాచీ ఎక్కడిదని అడిగితే "నా చేతిదే" అనేవాడు. అంతకు మించి ఎవరూ రాబట్టలేకపోయారు. చీర నచ్చి మద్రాసు సేటు ఇచ్చాడని మా అమ్మ, బందరులో ఓడ దిగినవాడెవడో అమ్ముకున్నాడని పెద్దమామయ్య, ఎవరి కథ వాళ్ళు చెప్పేవాళ్ళు.

వాచీని చూసి పోల్చుకుందామన్నా వీల్లేదు. ఎప్పుడో గంజి తడి దిగి డయలంతా మరకలు పడితే తాతయ్య బెజవాడ తీసుకెళ్ళి నల్లరంగు వేయించాడు. వేసినవాడు కంపెనీ పేరు కూడా కప్పేశాడు. ఆ ఖాళీ చూడబుద్ధి కాక అక్కడ చిన్న నామం పెట్టించుకున్నాడు, రెండు తెల్లగీతల మధ్య ఒక ఎర్రగీత. వెనక మూత మీది అక్షరాలు చెమటకి అరిగిపోయి వేలికి తగలడం కూడా మానేశాయి. ఇంకొక్క విడ్డూరం మాత్రం ఉంది. అన్ని వాచీలకీ కీ మూడు అంకె పక్కన ఉంటుంది. దీనికి నాలుగు పక్కన, సగం లోపలికి దాక్కుని ఉంటుంది, తనతో ఎవరికీ పనిలేదన్నట్టు. అమావాస్య నాడు తాతయ్య మగ్గం ఎక్కేవాడు కాదు. ముందురోజు సాయంత్రమే వాచీ తీసి గూట్లో పెట్టేవాడు. పాడ్యమి పొద్దున చూస్తే అది ఆగి ఉండేది. "దానికీ సెలవేనే" అని అమ్మమ్మతో అని నవ్వుతూ చేతికి పెట్టుకునేవాడు.

తాతయ్య ఒక మధ్యాహ్నం మగ్గం దిగి, అన్నం తిని, మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదు. బాధపడింది లేదు, బాధపెట్టింది లేదు. కానీ ఆ ముందువారమే అమ్మమ్మ ఆయనతో "ఇక చాలించు, ఆ గుంటలోంచి లే, ఎవురికోసం నేస్తన్నావు" అంది. ఆయన నేస్తూనే ఉన్నాడట. పోయినరోజు పెద్దమామయ్య వాచీ తీసి ఫొటో పక్కన గూట్లో పెట్టాడు. ఆ రోజూ మర్నాడూ నడిచి, మూడో నాడు పొద్దున ఆగిపోయింది. పలకరించటానికి వచ్చినవాళ్ళు "ఆయనతోపాటే" అని ముక్కున వేలేసుకున్నారు. అమ్మమ్మ మాత్రం ఏడుపు ఆపి దాని వంకే చూసింది. "చాలించమన్నాగా. చాలించాడు" అంది. పెద్దమామయ్య కీ తిప్పి చూశాడు. కీ ఊరికే తిరిగింది, వాచీ కదల్లేదు. "ఆయన కీ ఇయ్యంగా నేనెప్పుడూ చూళ్ళేదురా" అంది అమ్మమ్మ. ఆ మాటలోనే సమాధానం ఉంది. అక్కడున్న చదువుకున్నవాళ్ళం ఎవరం పట్టించుకోలేదు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. బెజవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్టులో అప్పుడే చేరాను. తాతయ్య నేసింది ఆ షావుకారుకే కాబట్టి ఆ మాట మీద నన్ను పెట్టుకున్నారు. నా పని చీరలు మడతపెట్టడం. అప్పట్లో జరీ అంచు రాసుకుని నల్లబడకుండా చీర మడతల మధ్య కాగితం పెట్టేవాళ్ళు. అందుకోసం పాత వారపత్రికలు కట్టలుకట్టలుగా కొట్టుకి వచ్చేవి. నేను పేజీ చింపాలి, మడతలో పెట్టాలి. కానీ చింపేముందు చదవకుండా ఎలా? సీరియల్ పదో భాగం ఈ చీరలో, పదమూడో భాగం ఆ చీరలో దొరికేవి. మధ్యలో ఏం జరిగిందో నేనే కల్పించుకునేవాణ్ణి. నా చదువులో చాలాభాగం అలా చీరల మడతల్లో జరిగింది. షావుకారు గారు గద్దె మీంచి చూసి, "ఏవయ్యా, మడత అక్షరం అక్షరం పెడుతున్నావా?" అనేవారు.

పెద్దకర్మ అయి నేను పనిలోకి వెళ్ళగానే ఆయన దగ్గరికి పిలిచి, "అబ్బాయ్, మీ తాతగారి మగ్గం మీద మన చీర సగంలో ఉండిపోయింది. తొందరేం లేదులే. పెళ్ళివారిది" అన్నారు. మర్నాడు మళ్ళీ "తొందరేం లేదు" అన్నారు. ఆ మాట రోజూ అంటుంటే నాకు నిద్ర పట్టడం మానేసింది. అమ్మమ్మతో చెప్పాను. పక్కింటి నేతగాడు పూర్తి చేస్తానన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆయన కూర్చున్న గుంటలో పరాయి మనిషి కాళ్ళు పెట్టడానికి వీల్లేదంది. సగం చీర కోసి తీయడానికి అసలే వీల్లేదంది. ఓ పూటంతా ఆలోచించి, గూట్లోంచి వాచీ తీసి, ముగ్గురు మగాళ్ళనీ (ఇద్దరు మామయ్యలూ నేనూ) ముందు కూర్చోబెట్టుకుని తీర్పు చెప్పింది. "ఇది ఒక్కొక్కళ్ళూ ఒక పగలూ రాత్రీ పెట్టుకోండి. ఎవురి చేతిన నడిస్తే వాడు మగ్గం ఎక్కాల. ఆయన ఎవుర్ని రమ్మంటే వాడే."

మొదట పెద్దమామయ్య. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే కాగితాలు ఎగరకుండా ఎడమచెయ్యి వాటి మీద పెట్టుకుని కుడిచేత్తో రాసుకోవడం ఆయన ఉద్యోగం. రాత్రి కూడా ఆ చెయ్యి గుండెల మీద పెట్టుకుని కదలకుండా పడుకునే మనిషి. తెల్లారి చూస్తే వాచీ ఆగి ఉంది. "నాన్నకి నేనంటే మొదట్నుంచీ అంతంతమాత్రమే" అని నిట్టూర్చాడు గానీ, ఆ పూట రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు.

తర్వాత నేను. నిజం చెప్పాలంటే నాకు భయంతోపాటు చిన్న ఆశ కూడా ఉంది. తాతయ్య అందర్నీ కాదని కూతురి కొడుకుని ఎంచుకుంటే బాగుంటుంది కదా అని. నేత రాదన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. వాచీ పెట్టుకుని కొట్టుకెళ్ళాను. ఆ రోజు దొరికిన పత్రికలో సీరియల్ మంచి పట్టులో ఉంది. షావుకారు గారు "వాచీ కూడా పెట్టావే. బాగుంది, ఒక్కో పేజీకి ఎంతసేపు పడుతోందో చూసుకోవచ్చు" అన్నారు. సాయంత్రం బస్సెక్కేముందు చూసుకుంటే ఆగిపోయి ఉంది. పగలు కూడా గడవలేదు. చిన్నమామయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "ఒరేయ్ అల్లుడూ, ఇది చచ్చిపోలేదురా. నిన్ను చూసి నిద్రపోయింది" అన్నాడు.

ఆ నవ్వు ఆయనకి ఎంతోసేపు మిగల్లేదు. చిన్నమామయ్య ఆటో నడిపేవాడు. మంగళగిరి నుంచి బ్యారేజీ మీదుగా బెజవాడ, బెజవాడ నుంచి మళ్ళీ మంగళగిరి. చిన్నప్పుడు తాతయ్య ఆయన్ని మగ్గం దగ్గర కూర్చోబెడితే గుంటలోంచి పారిపోయాడని, వెతగ్గా వెతగ్గా బస్టాండులో దొరికాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. కూర్చున్నచోటే రోజంతా కూర్చుని పని చేయడం ఆయన వల్ల కాదు. అలాంటి మనిషి చేతిన వాచీ పెట్టుకున్న మొదటి ట్రిప్పులోనే టిక్కుటిక్కుమని మొదలెట్టి, రాత్రంతా నడిచి, తెల్లారి కూడా నడుస్తూనే ఉంది. అమ్మమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఒరేయ్ చిన్నోడా, నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నాడురా మీ నాన్న" అంది. చిన్నమామయ్య ముఖం చూడాలి అప్పుడు.

"ఇంకొక్క రోజు చూద్దామే, పొరపాటున నడిచుంటది" అని వాయిదా అడిగాడు. ఆ రోజు వాచీని ఎలాగైనా ఆపాలని ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో ఆటో నడిపాడట. బ్యారేజీ మీద వెనక కూర్చున్న ఆవిడ "అయ్యా, చెయ్యి ఇరిగిందా? ఇరిగితే ముందే చెప్పొద్దా, దిగి నడిచిపోయేవాళ్ళం" అని గోల చేసింది. "చెయ్యి బానే ఉందమ్మా, వాచీ ఆగాలని" అన్నాడట ఈయన. ఆవిడ అక్కడే దిగిపోయింది. వాచీ మాత్రం ఆగలేదు. ఆటో అంతా దడదడలాడుతుంటే ఒళ్ళో పెట్టుకున్నా ఒకటే, పట్టుకున్నా ఒకటే. అమ్మమ్మ అప్పటికే పడుగు మీద దుమ్ము దులిపి, నూలు కండెలు చుట్టి, గుంట తుడిచి సిద్ధం చేసింది. మంచిరోజు కూడా చూసింది.

ఆ సాయంత్రం చిన్నమామయ్య నన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద ఆపాడు. "ఒరేయ్, నేను ఆ గుంటలోకి దిగితే మళ్ళీ పైకి రానురా. ఇది నాన్న కాదు, దీంట్లో ఏదో మెలిక ఉంది. నువ్వు రోజంతా కాగితాలు చదివేవాడివి. ఇది ఏ కంపెనీదో, దీని రోగమేందో కనుక్కో. అమ్మకి అచ్చులో చూపిస్తే నమ్ముద్ది" అన్నాడు. అమ్మమ్మకి చదువు రాదు. అందుకేనేమో అచ్చయినదంతా నిజమని ఆమెకి గట్టి నమ్మకం.

ముందు వాచీ బాగుచేసే ఆయన దగ్గరికే వెళ్ళాం. విప్పించనని అమ్మమ్మకి ఒట్టేశాకే వాచీ చేతికిచ్చింది. (విప్పితే ఆయన్ని కోసినట్టేనంది.) చిన్నమామయ్య ఆటోలో బెజవాడ చేరేసరికి వాచీ శుభ్రంగా నడుస్తోంది. కొట్టాయన కంటికి అద్దం పెట్టుకుని, "ఏందండీ ప్రాబ్లం?" అన్నాడు.

"ఆగిపోతోందండీ" అన్నాను.

చెవి దగ్గర పెట్టుకుని, "నడుస్తోంది కదండీ" అన్నాడు.

"ఇక్కడ నడుస్తోందండీ. ఇంటికెళ్తే ఆగిపోద్ది."

ఆయన అద్దం తీసి నన్నూ మామయ్యనీ మార్చి మార్చి చూసి, "అట్టయితే ఇల్లు బాగుచేయించుకోండి" అన్నాడు. విప్పి చూస్తానన్నాడు. వద్దన్నాం. "విప్పకుండా చూడాలంటే నా దగ్గరికెందుకండీ, నామం ఎట్టాగూ ఉంది, గుళ్ళో ఇచ్చి రండి" అని తిరిగిచ్చేశాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ ఆశ్చర్యపోలేదు. "బెజవాడంటే ఆయనకి మొదట్నుంచీ మోజే" అంది.

ఇక మిగిలింది నా కాగితాలు. కొట్టులో సీరియళ్ళు పక్కనపెట్టి ప్రకటనలు చూడటం మొదలుపెట్టాను. అంతవరకూ నేను ప్రకటనలు చదివే రకం కాదు, కథకి అడ్డమని విసుక్కునేవాణ్ణి. చూడగా చూడగా అందులో వేరే లోకం ఉంది. తలనూనెల ప్రకటనల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉంటారు. టానిక్కు తాగినవాడు ముందు బొమ్మలో ఏడుస్తూ, తర్వాతి బొమ్మలో నవ్వుతూ ఉంటాడు. వాచీల ప్రకటనల్లో అన్ని వాచీలూ పదీ పదే చూపిస్తాయి. ఏ కంపెనీవాడైనా సరే పదీ పది. ఆ టైముకి దేశమంతా ఏం చేస్తుంటుందా అని చాలాసేపు ఆలోచించాను. గుండ్రటివి, పలకలవి, బంగారు పూతవి, పెళ్ళికొడుకులకి ప్రత్యేకమైనవి చూశాను. ఒక్కదానికీ కీ నాలుగు పక్కన లేదు.

అప్పుడొక ప్రకటన దొరికింది. నీళ్ళగ్లాసులో వాచీ మునిగి ఉన్న బొమ్మ, కింద "నీటిలోనూ నిశ్చింత" అని. అందులో వాచీ మన వాచీలా లేదు. కానీ నా బుర్ర చురుగ్గా పనిచేసింది. పోగులు తెగకుండా మగ్గం గుంట ఎప్పుడూ చెమ్మగా ఉంచుతారు కదా. ఆ చెమ్మకి అలవాటు పడ్డ వాచీ గూట్లో పొడిగా ఉంటే ఎలా నడుస్తుంది? దీనికి కావలసింది తడి! పెద్దమామయ్య ఆఫీసులో తడి లేదు, మా కొట్టులో తడి లేదు, చిన్నమామయ్య చేతికి చెమట ఎక్కువ. అన్నీ సరిపోయాయి. (జీవితంలో అన్నీ అంత చక్కగా సరిపోయిన సిద్ధాంతం నాకు మళ్ళీ తట్టలేదు.) ఆదివారం పొద్దున ఎవరూ చూడకుండా గ్లాసుడు నీళ్ళలో వాచీ వేసి కూర్చున్నాను. కాసేపటికి తీసి, పరుగున చిన్నమామయ్య దగ్గరికెళ్ళి చెవి దగ్గర పెట్టాను. నడుస్తోంది! ఇద్దరం ఎగిరి గంతేశాం. మళ్ళీ గ్లాసులో వేసి, సాక్ష్యానికి అమ్మమ్మని పిలుచుకొచ్చాను. అమ్మమ్మ గ్లాసు చూసింది. అడుగున నామంతో సహా తాతయ్య వాచీ.

"ఓరి నీ చదువు తగలడా! ఆయన్ని నీళ్ళలో ముంచావేందిరా!"

పమిట చెంగుతో దాన్ని తుడుస్తూ కూర్చుంది. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అద్దం లోపల చిన్న ఆవిరి మచ్చ పట్టింది. అది ఇప్పటికీ ఉంది, ఏడుకీ ఎనిమిదికీ మధ్య. గ్లాసు దగ్గర్నుంచి మామయ్య దగ్గరికి నేను పరిగెత్తడం వల్ల అది నడిచిందని నాకప్పుడు తట్టలేదు.

మంచిరోజు దగ్గరపడింది. చిన్నమామయ్య గడ్డం పెంచాడు. రోజూ కొట్టు ముందు ఆటో ఆపి కళ్ళతోనే అడిగేవాడు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆ సమయంలో పామర్రు నుంచి ఒక వ్యాపారి సరుక్కి వచ్చాడు. ఎప్పుడో మడతపెట్టిన పాత స్టాకు చీరలు విప్పి చూపిస్తున్నాను. ఒక చీర అంచు పట్టి గాల్లోకి విసిరాను. మడతలోంచి ఒక కాగితం జారి వ్యాపారి ఒళ్ళో పడింది. పదీ పది చూపిస్తున్న వాచీ బొమ్మ, దానికి నాలుగు పక్కన సగం దాక్కున్న కీ. చీర వదిలేసి కాగితం అందుకున్నాను. చీర వెళ్ళి షావుకారు గారి నెత్తిన పడింది.

"ఈ అబ్బాయి చీరలమ్ముతాడా కాయితాలమ్ముతాడా అండీ?" అన్నాడు వ్యాపారి.

చీర కింద నుంచి షావుకారు గారి గొంతు వినిపించింది. "చదువుతాడండీ. జీతమిచ్చి చదివిస్తున్నాం."

నేనేమీ వినే స్థితిలో లేను. బొమ్మలో ఒకాయన టెన్నిస్ బ్యాటు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కింద నాలుగు వాక్యాలు. దీనికి కీ ఇవ్వనక్కరలేదు. మీ చెయ్యి కదులుతున్నంతసేపూ దానంతటదే నడుస్తుంది. చేతికుంటే చాలు, మీరు మరిచిపోయినా అది మరవదు. చురుకైన మనిషికి చురుకైన వాచీ. అన్నింటికంటే పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు. నాలుగోసారి చదివేటప్పుడు "చురుకైన మనిషికి" అన్న చోట కాస్త ఆగాను. పెద్దమామయ్య విషయంలోనూ నా విషయంలోనూ వాచీ ఏం చెప్పిందో అప్పుడర్థమైంది.

ఆ సాయంత్రం చిన్నమామయ్య అమ్మమ్మ ముందు ప్లీడరులా నిలబడ్డాడు. మూడు రోజులుగా గూట్లోనే ఉన్న వాచీ తెమ్మన్నాడు. ఆగి ఉంది. చెవి దగ్గర పెట్టి వినిపించాడు. తర్వాత దాన్ని పట్టుకుని అచ్చు చెక్క గుంజినట్టు ముందుకీ వెనక్కీ ఊపాడు. మళ్ళీ వినిపించాడు. నడుస్తోంది. నన్ను కాగితం చదవమన్నాడు. చదివాను. "చూశావా, అచ్చులో ఉంది. నాన్న చెయ్యి ఆడేది కాబట్టి నడిచేది. ఆటోలో నా చెయ్యి ఆడుద్ది కాబట్టి నడుస్తంది. అంతేగానీ నన్ను పిలవటం లేదే అమ్మా" అన్నాడు. గొంతులో గెలుపు ఉంది. చివరికొచ్చేసరికి తగ్గింది.

అమ్మమ్మ కాగితం మీది బొమ్మని వేలితో తడిమింది. మేం గెలిచామో ఓడామో తెలియక ఇద్దరం నేల చూస్తున్నాం. తర్వాత నన్నడిగింది.

"ఎవురి చెయ్యయినా ఒకటేనా?"

"ఒకటే అమ్మమ్మా."

"అమావాస్యకి ఆగేది అందుకేనా?"

"అందుకే."

"అయితే నా మీద కోపంతో ఆగలా."

"కాదు అమ్మమ్మా. గూట్లో పెట్టాం కాబట్టి ఆగింది."

కళ్ళు తుడుచుకుంది. "పిచ్చి ముండమోపిది, నేనేదో అనుకుని చస్తన్నా" అని తనని తానే తిట్టుకుంది. వాచీని తీసుకుని కాసేపు వేళ్ళతో రాసి, తన ఎడమ మణికట్టుకి పెట్టుకుంది. మొన్న మొన్నటిదాకా గాజులున్న చెయ్యి అది. చైను వదులైతే మోచేతి దాకా తోసుకుంది. లేచి వెళ్ళి, మేం చూస్తుండగానే, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుంటలోకి కాళ్ళు పెట్టింది.

"అమ్మా, నీకు నేత వచ్చా?" అన్నాడు చిన్నమామయ్య.

"మీ నాన్నకి జొరమొచ్చినప్పుడల్లా నేసిందెవురనుకున్నావురా? మీ షావుకారు గారికి ఏ చీర ఎవురు నేశారో ఎప్పుడన్నా తెలిసిందా?" అని నా వంక చూసింది. తాడు లాగింది. నాడె పరిగెత్తింది. చెక్క గుంజి కొట్టింది. మొదటి దెబ్బ అటూఇటూగా పడింది, రెండోది కుదిరింది. మోచేతి దగ్గర వాచీ ముందుకీ వెనక్కీ ఊగింది. చిన్నమామయ్య గుమ్మంలో కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను ఆయన నవ్వుతున్నాడనుకున్నాను.

పెళ్ళివారి ముహూర్తానికి ముందే చీర దిగింది. అమ్మమ్మ దాన్ని నులకమంచం మీద పరిచి మడతపెడుతూ, జరీ అంచు దగ్గరికి వచ్చాక, "ఒరేయ్, ఆ కాయితం ఇటు తే" అంది. ఏ కాగితమో నాకు వెంటనే తెలియలేదు. తెలిశాక చెయ్యి చాచలేకపోయాను. "అమ్మమ్మా, అది వాచీది..." అన్నాను.

"చూశాంగా. ఇంక దాంతో పనేముంది?" అని నా జేబులోంచి తనే లాక్కుని, అంచు మడతలో పెట్టి, అరచేత్తో అద్దింది. ఆ చీర నేనే ఒళ్ళో పెట్టుకుని బస్సులో బెజవాడ తీసుకెళ్ళాను. దారిలో కాగితం తీసుకుని కొట్టులో వేరేది పెట్టొచ్చు, అక్కడ ఉన్నవన్నీ కాగితాలే. తీయాలనిపించలేదు. షావుకారు గారు చీర విప్పి, నేత వేలితో రాసి చూసి, "మీ తాతగారి చెయ్యే చెయ్యి" అన్నారు. నేను అవునండీ అన్నాను.

అమ్మమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు నేసింది. చెయ్యి ఆడినన్నాళ్ళూ వాచీ ఆమె దగ్గరే నడిచింది, ఆ తర్వాత ఆటోలో చిన్నమామయ్య దగ్గర నడిచింది. ఆటో మానేశాక కూడా ఆయన ఊరికే ఉండే మనిషి కాదు, పొద్దునా సాయంత్రం కాలవ గట్టున నడిచేవాడు. కలిసినప్పుడల్లా చెయ్యెత్తి వాచీ నా చెవి దగ్గర పెట్టేవాడు. అదొక్కటే ఆయన నాతో ఆడే వేళాకోళం. చివరిసారి పెట్టినప్పుడు చెయ్యి సన్నబడి ఉంది. నడుస్తోందనే చెప్పాను.

ఇప్పుడది నా దగ్గర ఉంది. చీరల కొట్టు మానేశాక ఉద్యోగమంతా పుస్తకాల మధ్య కూర్చునే చేశాను, రిటైరయ్యాక కుర్చీ మాత్రమే మారింది. వాచీకి నా గురించి మొదట్లో కలిగిన అభిప్రాయం మార్చుకునే అవకాశం నేనివ్వలేదు. ఇది వచ్చిన దగ్గర్నుంచీ ఫోనులో ఆ ప్రకటన కోసం వెతుకుతున్నాను. పాత ప్రకటనలు పోగుచేసి పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. తలనూనె ఆవిడ దొరికింది, టానిక్కు ఆయన దొరికాడు, నీళ్ళగ్లాసు కూడా దొరికింది. టెన్నిస్ బ్యాటు ఆయన దొరకలేదు. కంపెనీ పేరు నాలుగుసార్లు చదివినవాణ్ణి, ఇప్పుడు మొదటి అక్షరం కూడా గుర్తు లేదు. గుర్తున్నట్టు ఏదో ఒక పేరు చెప్పొచ్చు గానీ, డయలు మీద నామం ఉంది, అది చాలు. ఆ పెళ్ళికూతురు చీర మొదటిసారి విప్పినప్పుడు కాగితం చూసి ఏమనుకుందో, పారేసిందో, ఒకవేళ చదివిందో అని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

ఇవాళ పొద్దున వాచీ పెట్టుకుని వీధి చివరిదాకా నడిచొచ్చాను. ఎదురింటాయన "ఏంటండీ, వాకింగ్ మొదలెట్టారా?" అన్నాడు. వాచీకండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు మెయిన్‌రోడ్డులో చీరల కొట్టు ముందు కాసేపు నిలబడ్డాను. లోపల కుర్రాళ్ళు చీరలు మడిచి కవర్లలో పెడుతున్నారు. ఇప్పుడు మడతల్లో ఎవరూ కాగితం పెట్టరు.